పదమూడు వందల తొమ్మిదిలో పుట్టిన ఆవిడ

1999 జూన్‌లో నన్ను అడిలైడ్‌కు ఉత్తరాన ఉన్న మాసన్ లేక్స్ టెక్నాలజీ పార్కులో టెస్ట్ లీడ్‌గా వేశారు. అప్పటికి ఆ ఊరు ఇంకా తయారవుతోంది. ఒక పక్క యూనివర్సిటీ, ఒక పక్క మా ఆఫీసులు, మధ్యలో ఇళ్ల కోసం గీసిన ప్లాట్లు, వాటి మీదుగా ఎర్రటి దుమ్ము. రక్త పరీక్షలు చేసి, ఆసుపత్రులకు రక్తం సిద్ధం చేసే ఒక లేబరేటరీ సంస్థ మా క్లయింటు. వాళ్ల పాత కంప్యూటర్లలోని రోగుల రికార్డులన్నీ 2000 సంవత్సరం రాకముందే కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించాలి. ఎక్కించే ప్రోగ్రాములు రాసేది ఒక బృందం, అవి సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసేది నా బృందం. టెస్ట్ లీడ్ సంతకం లేనిదే ఏదీ లైవ్‌లోకి పోదు. జీతం మధ్యరకం, తిట్లు మాత్రం పెద్దరకం.

వైటూకే అంటే చాలామందికి గుర్తున్నది సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన చిక్కు. 99 తర్వాత 00 వస్తే యంత్రం దాన్ని 1900 అనుకుంటుంది. మా క్లయింటు దగ్గర పుట్టిన తేదీకి మాత్రం మొదటి నుంచీ నాలుగంకెల సంవత్సరమే వాడారు, ఎందుకంటే వందేళ్లు దాటినవాళ్లు కూడా పరీక్షకు రక్తం ఇవ్వడానికి వస్తారు. అందుకని పుట్టిన తేదీల గురించి మేమెవరం బెంగపెట్టుకోలేదు.

ఆ తేదీలను శుభ్రం చేసే ప్రోగ్రాం రాసింది అన్వర్. హైదరాబాదువాడు, మలక్‌పేట. ముప్పై దాటాడు, పనిలో దిట్ట, ఓపిక తక్కువ. 1880 కంటే ముందు పుట్టినట్టు కనబడే రికార్డులను అతని ప్రోగ్రాం పక్కన పడేస్తుంది. అవి కొత్త సిస్టమ్‌లోకి ఎక్కవు, టేపు మీదకి పోయి నిల్వ గదిలో పడుంటాయి. ఇక వాటిని తెరిచి చూసే నాథుడుండడు.

నవంబరు మొదట్లో ఒకరోజు అన్వర్ నా దగ్గరికి వచ్చాడు.

"మూర్తి గారూ, ఒక్క సైన్ కొట్టండి. రిజెక్ట్స్‌లో ఒకదానికి రెడ్ ఫ్లాగ్ ఉంది. మీ సైన్ లేకుంటే అది పోతలేదు."

ఎర్ర గుర్తు అంటే ఆ రోగి రక్తం గురించి ప్రత్యేక హెచ్చరిక ఉన్నదని. అలాంటి రికార్డును పారేయాలంటే టెస్ట్ లీడ్ చూసి తీరాలి. ఈ నిబంధన లేబరేటరీవాళ్లది. చూశాను. ఒక స్త్రీ. పేరును బట్టి ముస్లిం అనుకున్నాం. పుట్టిన తేదీ 30/12/1309.

హెచ్చరిక సంగతి వాళ్ల ముఖ్య శాస్త్రవేత్తకు ఫోన్ చేసి తెలుసుకున్నాను. ఆవిడకు ఎప్పుడో కాన్పు సమయంలో రక్తం ఎక్కించారు. దాంతో ఒక రకం రక్తానికి వ్యతిరేకంగా ఆవిడ ఒంట్లో ప్రతిరక్షకాలు పుట్టాయి. ఏళ్లు గడిచేకొద్దీ అవి పరీక్షకు అందనంతగా తగ్గిపోతాయి, కాని ఆ రకం రక్తం మళ్లీ ఎక్కిస్తే ఒక్కసారిగా విజృంభిస్తాయి. అంటే కొత్తగా పరీక్ష చేస్తే ఏమీ కనబడదు. ఆమెను కాపాడేది పాత రికార్డులోని ఆ ఒక్క వాక్యమే. పైగా అదే పేరున్న ఒకావిడకు జనవరిలో తుంటి ఎముక ఆపరేషన్ ఉందని, రక్తం సిద్ధం చేయమని ఆసుపత్రి నుంచి కొత్త సిస్టమ్‌లోకి అప్పటికే ఆర్డరు వచ్చి ఉంది. అందులో పుట్టిన తేదీ 21 మార్చి 1931. పేరు ఒకటే అయినా తేదీలు వేరు కాబట్టి యంత్రానికి వీళ్లు ఇద్దరు మనుషులు. ఒకరే అయితే, ఆ హెచ్చరిక లేకుండానే ఆవిడ ఆపరేషన్ బల్ల ఎక్కుతుంది.

"ఇది గార్బేజ్ కాదు, హిజ్రీ, మా ఇస్లామిక్ క్యాలెండర్," అన్నాడు అన్వర్ ఈసారి కాస్త నిదానంగా. "ఇప్పుడు మాకు ఫోర్టీన్ ట్వంటీ నడుస్తుంది కదా. 1309 అంటే..." వేళ్ల మీద లెక్కేశాడు. "ఎయిటీన్ నైంటీ వన్, నైంటీ టూ. యా అల్లా, ఈమె ఎప్పుడో పోయుంటది!"

నాకు మాత్రం వేరేది తట్టింది. మా నాన్నగారు తెనాలి వైపు రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా చేశారు. శిస్తు లెక్కలన్నీ ఫసలీ సంవత్సరాల్లోనే. ఏటా శిస్తు లెక్కలు తేల్చే జమాబందీ రోజుల్లో మా ఇంట్లో వినబడే అంకెలన్నీ పదమూడు వందల చిల్లర. ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే వాటికి జూలై నుంచి డిసెంబరు దాకా అయితే 590 కలపాలి, జనవరి నుంచి జూన్ దాకా అయితే 591. చిన్నప్పుడు ఎక్కాలతో పాటు అదీ నేర్చుకున్నాను. ఆ లెక్కన 1309 ఫసలీ అంటే 1899. ఆస్ట్రేలియాలో ఫసలీ ఎవరు రాస్తారన్న ఇంగితం నాకు అప్పుడు కలగలేదు. మొత్తానికి ఇద్దరం కలిసి ఆవిణ్ణి వందేళ్ల ముసలమ్మను చేశాం. ఒకడు చంపేశాడు కూడా.

మా వాదన పక్క బల్ల దగ్గర కూర్చున్న పర్వీన్‌కు వినబడింది. పర్వీన్ మా సిస్టమ్స్ అనలిస్టు, నలభై ఏళ్ల మనిషి, ఇస్ఫహాన్‌లో పుట్టి గణితం చదువుకుని వచ్చింది. 2000 ఫిబ్రవరిలో ఇరవై తొమ్మిదో తేదీ ఉంటుందా ఉండదా అని మీటింగులో సగంమంది నీళ్లు నమిలినప్పుడు, నాలుగు వందలతో భాగించి ఉంటుందని తేల్చిన మనిషి. లేచి వచ్చి తెర వైపు ఒక్క క్షణం చూసింది. ఇది మా క్యాలెండరు, ఈవిడ ఇరానీ, పుట్టింది 1931లో అంది. చాంద్రమానం కాదట, సౌరమానం. వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే నాటితో ఏడు మొదలవుతుంది. మార్చి నుంచి డిసెంబరు దాకా 621 కలపాలి, జనవరి నుంచి మార్చి దాకా 622.

నేను కుర్చీలో వెనక్కి వాలి నవ్వేశాను. అంకెలు వేరు, కిటుకు ఒకటే. ఫసలీ గురించి చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. మొగలుల కచేరీల్లో పంట కాలాన్ని బట్టి శిస్తు కట్టించుకోవడానికి ఆ లెక్క పెట్టింది పర్షియన్ చదువుకున్న దివానులేనంది. ఆమె 'రూజ్' అన్నప్పుడల్లా నాకు 'రోజు' అని వినబడేది. అడిగితే రెండూ ఒకటేనని చెప్పింది. అల్గారిథమ్ అన్న మాట కూడా ఒక పర్షియన్ గణితవేత్త పేరేనని, ఆ పేరేమో ఆయన పుట్టిన ప్రాంతానిదని ఆమె చెబితేనే తెలిసింది. ఊరి పేరే ఇంటిపేరు కావడం మనకు కొత్తా? పాతికేళ్లుగా ఒకాయన ఇంటిపేరు పలుకుతూ అన్నం తింటున్నానన్నమాట.

వలస వచ్చిన కొత్తలో గుమాస్తా పుట్టిన తేదీ అడిగితే తమ దేశపు తేదీ చెప్పినవాళ్లు ఆ పక్కన పడేసిన రికార్డుల్లో ఇంకొంతమంది తేలారు. ఎక్కువమంది ఇరానీలు, కొందరు అఫ్ఘాన్లు. పర్వీన్ చెప్పిన పద్ధతిలో అన్వర్ ఒక చిన్న మార్పిడి ప్రోగ్రాం రాశాడు. అందరి తేదీలూ చక్కగా మారాయి, ఆవిడది తప్ప. 'చెల్లని తేదీ' అని వచ్చింది.

ఆ క్యాలెండరులో చివరి నెల ఎస్ఫంద్. మామూలు ఏడాదిలో దానికి ఇరవై తొమ్మిది రోజులే, లీపు ఏడాదిలో ముప్పై. అన్వర్ అలవాటు కొద్దీ నాలుగుతో భాగించి చూశాడు. 1309 భాగం పోదు. కాబట్టి ఆ ఏడాది ముప్పయ్యో తేదీ లేదంది యంత్రం.

"ట్వంటీ నైన్ అని సర్దేద్దామా?" అన్నాడు.

సర్దితే 20 మార్చి వస్తుంది. ఆసుపత్రి తేదీ 21. మళ్లీ ఇద్దరు మనుషులే.

సంగతి గ్రెగ్ దగ్గరికి వెళ్లింది. గ్రెగ్ మా ప్రాజెక్ట్ మేనేజరు, ఆస్ట్రేలియన్, అరవడం తెలియని మనిషి. కోడ్ ఫ్రీజ్ అప్పటికే మొదలైంది. అంటే ప్రోగ్రాముల్లో అక్షరం మార్చాలన్నా మార్పు దరఖాస్తు పెట్టి, మేనేజరు, క్లయింటు, టెస్ట్ లీడ్ ముగ్గురూ ఒప్పుకోవాలి. ఆ ఏడాదే లీపు అని ఎలా నమ్మమంటారని అడిగాడాయన. ఇద్దరు వేర్వేరు మనుషుల రక్తం వివరాలను ఒకటిగా కలిపేయడం, విడిగా ఉంచడం కంటే ప్రమాదం కదా అన్నాడు. నాకు చిరాకు వచ్చింది గాని, మాట న్యాయమైనదే. ఆయన స్థానంలో నేనున్నా అదే అడిగేవాణ్ణి.

పర్వీన్ వైట్‌బోర్డు దగ్గర నిలబడి చెప్పిన విషయం నాకింకా గుర్తుంది. మనం వాడే క్యాలెండరులో లీపు ఏడాదిని భాగహారం నిర్ణయిస్తుంది. వాళ్లది అలా కాదు, సూర్యుణ్ణే అడుగుతారు. సూర్యుడు భూమధ్యరేఖ దాటే క్షణం మధ్యాహ్నానికి ముందు పడితే ఆ రోజే నౌరోజ్, అంటే కొత్త సంవత్సరాది, తర్వాత పడితే మర్నాడు. అలా జరిగే కొద్దీ ఎప్పుడు అవసరమైతే అప్పుడు ఒకరోజు చేరుతుంది. మామూలుగా నాలుగేళ్లకోసారి, అరుదుగా ఐదేళ్లకు. పదకొండో శతాబ్దంలో ఇస్ఫహాన్‌లో సుల్తాను కొలువులో ఉన్న ఖగోళవేత్తలు వేధశాల కట్టుకుని, ఏళ్ల తరబడి ఆకాశం చూసి, ఈ సౌర సంవత్సరాన్ని నిలబెట్టారు. దూరదర్శిని పుట్టని రోజుల మాట ఇది. నేటి ఇరాన్ క్యాలెండరు దాని వారసురాలే. 1304 లీపు, ఆ తర్వాతది 1308 కాదు, ఐదేళ్లకు 1309. లెక్క మొత్తం బోర్డు మీద వేసి చూపించింది.

గ్రెగ్ చివరిదాకా విన్నాడు. లెక్క ఒప్పుకుంటానని, కాని ఆ రికార్డు ఈ మనిషిదేనని లెక్క చెప్పదని అన్నాడు. ముప్పై అన్నది గుమాస్తా పొరపాటు కూడా కావచ్చు. రోగిని అడగాలి. మాకు రోగులకు ఫోన్ చేసే అధికారం లేదు. అందుకని లేబరేటరీ ముఖ్య శాస్త్రవేత్త స్వయంగా మా ఆఫీసుకు వచ్చి, ఆసుపత్రి ఆర్డరులో ఉన్న నంబరుకు స్పీకరు మీద ఫోన్ కలిపాడు. పర్వీన్ ఫార్సీలో మాట్లాడింది. తేదీని ముందే అందించకుండా, మీరు ఎప్పుడు పుట్టారో చెప్పండి అని మాత్రమే అడగాలని షరతు.

అవతలి నుంచి ముసలి గొంతు గలగలా ఏదో చెబుతూ పోయింది. పర్వీన్ నవ్వింది, ఆ తర్వాత కళ్లు తుడుచుకుంది. ఆవిడ చెప్పింది ఇదీ: "నేను ఎస్ఫంద్ ముప్పైన పుట్టాను తల్లీ. నా పుట్టినరోజు ఏటా రాదు. మా నాన్న అనేవాడు, కొత్త సంవత్సరం గుమ్మం దాకా వచ్చి, ఈ పిల్లను ముందు రానివ్వండని ఒకరోజు ఆగిందని. ఇక్కడ మాత్రం ఎవరికి చెప్పినా అలాంటి తేదీ లేదంటారు. అందుకే కాగితాల మీద మార్చి ఇరవై ఒకటి అని రాస్తున్నాను." ఆ తర్వాత శాస్త్రవేత్త అడిగించగా, కాన్పులో రక్తం ఎక్కించిన సంగతి కూడా చెప్పింది. ఆ విషయం ఆసుపత్రిలో చెప్పారా అంటే, ఎవరూ అడగలేదుగా అంది.

గ్రెగ్ ఆ మధ్యాహ్నమే సంతకం పెట్టాడు, క్లయింటు పెట్టాడు, నేనూ పెట్టాను. అన్వర్ తన భాగహారం తీసేసి పర్వీన్ ఇచ్చిన లీపు ఏళ్ల పట్టిక పెట్టాడు. "మూర్తి గారూ, మన ఇద్దరి క్యాలెండర్లూ కలిపి ఆంటీని చంపేస్తుండే," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అతను సంతకం అడిగినప్పుడు నా చేయి పెన్ను మీదే ఉంది.

2000 వచ్చింది. ప్రపంచం మునగలేదు. టీవీవాళ్లు నిరాశపడ్డారు. జనవరి చివరలో ముఖ్య శాస్త్రవేత్త దగ్గర్నుంచి పర్వీన్‌కు కబురొచ్చింది. ఆపరేషన్‌లో ఆవిడకు రక్తం ఎక్కించాల్సి వచ్చిందట. హెచ్చరిక చూసి ఆ రకం లేని సంచులు వెతికి పెట్టారు. ముందుగా తీసి ఉంచిన సంచుల్లో ఒకటి ఆ రకానిదే. ఆవిడ నడిచి ఇంటికి వెళ్లింది.

ఆ తర్వాత కాన్‌బెర్రా శివారు గంగాలిన్‌లో కాపురం పెట్టి, రిటైరయ్యేదాకా ఇదే పని చేశాను. యంత్రం 'చెల్లని తేదీ' అన్నప్పుడు నా కింద పనిచేసినవాళ్లను ఒకే ప్రశ్న అడగమనేవాణ్ణి: ఎవరి లెక్కలో చెల్లదు? చాలాసార్లు అది నిజంగానే చెత్త అని తేలేది, నా చాదస్తానికి వాళ్లు విసుక్కునేవాళ్లు. విసుక్కోనిచ్చాను. పరీక్షించేవాడి పని తప్పు పట్టడమని ఈ వృత్తిలోకి వచ్చినప్పుడు నాకు నేర్పారు. తప్పు అనే ముందు, ఆ రాసినవాళ్లకు ఏ రోజు కొత్త సంవత్సరమో కనుక్కోవాలి.