ఈడ్చే బండి

మదురై షోరూములో నన్ను కూర్చోమనలేదు. ఆ సంగతి నేను మరచిపోలేదు, మరచిపోయే ఉద్దేశమూ లేదు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి కావాలి, వెనక ట్రైలరు కట్టుకొని కొండదారిన పోవాలి అని తమిళంలోనే చెప్పినాను. నడుమ ఇంటినుంచి ఫోను వస్తే మా ఆవిడతో తెలుగులో రెండు ముక్కలు మాట్లాడినాను. అది విని సేల్స్ మనిషి నవ్వినాడు.

"తెలుంగా సార్? ఎప్పుడు వచ్చినారు ఈ పక్కకు?"

మా వాళ్ళు రాజపాళయం వచ్చి ఎన్ని తరాలైందో చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. రాళ్ళదారిలో మెల్లగా ఎక్కడానికి వేరే చిన్న గేరు ఉందా అని అడిగినాను. "ఎందుకు సార్, మిలిటరీలో చేరుతారా?" అన్నాడు. పక్కనున్న ఇద్దరూ నవ్వినారు. బ్రోచరు కూడా తీసుకోకుండా బస్సెక్కినాను.

నేను సరదాకు తిరగడం లేదు. రెండేళ్ళ కిందట మా ఆవిడకు పేగు ఆపరేషను అయింది. అప్పటినుంచి పొట్టమీద పెట్టిన దారిగుండా మలం ఒక సంచిలోకి వస్తుంది. కొన్ని గంటలకొకసారి దాన్ని చూసుకోవాలి, కడుక్కోవాలి. ఆ పని పరాయి ఇంట్లోగానీ లాడ్జిలోగానీ చేయనంటుంది. పెళ్ళిళ్ళకు పోవడం మానుకున్నది. ఇంటికి వచ్చేవాళ్ళు ఆమె ముఖం చూడరు, పొట్ట చూస్తారు. "ఇప్పుడు దొడ్డికి ఎట్లా పోతావమ్మా?" అని అడుగుతారు, కాఫీ తాగుతూ.

ఒకరోజు గుడ్డలు మడతపెడుతూ అన్నది. "ఏమండీ, ఎవరూ నన్ను చూడని చోట పది రోజులు ఉండాలని ఉంది. ఎక్కడన్నా కొండమీద. చలిగా ఉంటే చాలు."

ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆమె నన్ను అడిగినది అదొక్కటే. బండి వెనక కట్టుకుపోయే చిన్న ఇల్లులాంటి ట్రైలరు చేయించాలనుకున్నాము. సేత్తూరు దారిలో ట్రాక్టరు ట్రైలర్లు చేసే షెడ్డుకు తానే వచ్చింది. స్టూలు వేసుకొని కూర్చొని, మంచం ఎంత పొడవు, కొళాయి ఎక్కడ, బయట నిలబడినవాడి తలకు అందకుండా కిటికీ ఎంత ఎత్తున, అన్నీ చెప్పి చేయించింది. మూలలో కక్కూసు, దానికి లోపలినుంచి రెండు గడియలు. ఒకటి చాలదా అంటే చాలదన్నది. ఆ నెల ఆమె నవ్వు విన్నాను.

మా బావమరిది వచ్చి ట్రైలరు చుట్టూ తిరిగి చూసినాడు. "ఏం బావా, తాళి చేయించి పెట్టుకొని పిల్లను వెతుకుతున్నావా?" అన్నాడు అందరి ముందర. అది కూడా గుర్తుంది.

కానీ అతని మాట నిజమైంది. చూసినవన్నీ పనికిరాని బండ్లే. చాలావాటిలో నాలుగు చక్రాలకూ బలం అందుతుందిగానీ వాన రోడ్డుమీద జారకుండా ఉండడానికే. అడుగున గట్టి చట్రం లేదు, పలుచని రేకుకు కొక్కెం బిగిస్తే మొదటి గుంటలోనే ఊడి వస్తుంది. చట్రం ఉన్నదానికి చిన్న గేరు లేదు. రెండూ ఉన్న ఒకదాన్ని చోళపురంలో చూసినాను. తుప్పు కనపడకుండా రంగు వేసి, "అణ్ణే, పెళ్ళికూతురు లాగా ఉంది" అన్నాడు అమ్మేవాడు. గోటితో గీకి చూపించి వచ్చినాను.

చివరకు హైదరాబాదులో ఒకటి ఉన్నట్టు ఫోనులో కనిపించింది. ఇనుప చట్రం, చిన్న గేరుకు వేరే కర్ర, వెనక కంపెనీ బిగించిన కొక్కెం. ఫొటోలు చూసి మా ఆవిడ, "ఇదే" అన్నది. మన భాషవాడే కదా అని ధైర్యంగా ఫోను చేసినాను.

"బండి బాగా ఈడ్చునా అండీ?" అని అడిగినాను.

"అబ్బే! ఈడ్చడమా? ఆ మాటే లేదండీ."

"కొండ ఎక్కేటప్పుడైనా?"

"కొండైనా అస్సలు ఈడ్చదు సార్. గ్యారంటీ నాది!"

ఈడ్చని బండికి గ్యారంటీ ఇచ్చేవాణ్ణి అప్పుడే చూసినాను. మరి ఆ కొక్కెం ఎందుకు అని అడగబోయినాను. అంతలో, "తమిళవాళ్ళయినా తెలుగు బాగానే నేర్చుకున్నారే!" అన్నాడు. ఫోను పెట్టేసినాను. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఇంకొక్క ప్రశ్న అడిగి ఉందును.

ఆరు నెలలు పోయినాయి. గుంటూరునుంచి పత్తి బ్రోకరు ఒకాయన నేను పనిచేసే నూలుమిల్లు ఆఫీసుకు వచ్చి, చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. "ఆలస్యమైందండీ. కారు ఒకటే ఈడుస్తోంది" అన్నాడు.

"మంచిదే కదా" అన్నాను.

ఆయన నావైపు చూసినాడు. "మంచిదేమిటండీ! ఇంజను పోతేనూ!"

మాకు బండి ఈడ్చడమంటే బలంగా లాగడం. ఎద్దునైనా ట్రాక్టరునైనా బాగా ఈడ్చునని మెచ్చుకుంటాము. వాళ్ళకు ఈడ్చడమంటే జబ్బుపడిన బండి కాళ్ళీడ్చుకుంటూ పోవడమట. ట్రైలరు లాగుతుందా అని అడగాలట. ఆయన ఎదురుగానే హైదరాబాదుకు ఫోను చేసినాను.

"అయ్యో, అమ్మేశానండీ. పడవని ట్రైలరు మీద పెట్టుకుని తిరిగేవాళ్ళెవరో తీసుకెళ్ళారు. బ్రహ్మాండంగా లాగుతోందట. మీరు అప్పుడే లాగుతుందా అని అడక్కపోయారా!"

తప్పు నాదే అన్నట్టు మాట్లాడినాడు. మేము ఈడ్చడమనే మాటను మా తాతల నోటినుంచి తెచ్చుకున్నాము, అరువు తెచ్చుకోలేదు. అది వాళ్ళ దగ్గర ఎప్పుడు జబ్బుపడిందో మాకు ఎవరు చెప్పినారు?

ఇంటికి పోయి చెప్పితే మా ఆవిడ నవ్వుతుందనుకొన్నాను. నవ్వలేదు. ఆ ఉదయం ఆమె ఆసుపత్రికి పోయి వచ్చింది. సంచి పక్కన పొట్ట ఉబ్బుతూ వస్తున్నది కొన్ని వారాలుగా, నాకు చెప్పలేదు. కండ చీలి లోపలి పేగు బయటికి తోసుకొస్తున్నదట. ఇంకొకసారి కోయడానికి ఒంట్లో బలం లేదన్నారు. బరువు ఎత్తకూడదు, కుదుపు తగలకూడదు.

"బస్సు రోడ్డు కూడానా?" అన్నాను.

"ఆసుపత్రికి పోయి రావడమే ఎక్కువంట."

"మెత్తటి స్ప్రింగులు వేయించవచ్చు."

"ఏమండీ, ఇంక చూడొద్దు."

"అట్లా అంటే ఎట్లా?"

"అడిగినది నేనే కదా. వద్దనేదీ నేనే."

జీవితమంతా ఎవరో ఒకరిమీద కోపంతో బతికినవాణ్ణి. ఆ సాయంత్రం ఎవరిమీద పడాలో వెతికినాను. షోరూమువాడు, బావమరిది, హైదరాబాదువాడు, అందరూ ఉన్నారు, ఎవరూ సరిపోలేదు. ఆ ఆరు నెలల్లో ఆమె ఎక్కగలిగి ఉండేది.

వీధిలో స్కూటరు ఆగింది. మా పిన్ని, ఆమె కోడలు, చేతిలో ఆపిల్ పళ్ళు. వాళ్ళు మెట్లెక్కేలోపల మా ఆవిడ గోడ పట్టుకొని లోపలి గదికి పోయి తలుపు వేసుకున్నది. నిద్రపోతున్నదని చెప్పినాను.

"పరవాలేదు, లేచేదాకా ఉంటాము" అన్నది పిన్ని, కుర్చీ తలుపుకు ఎదురుగా జరుపుకొని.