గడియ వేసిన తలుపు, స్టీలు గ్లాసు

నేను బీఎస్సీ చదివాను. దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లి అంట్లు తోముకునే రకం. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ మా ఇల్లు దాటనివ్వలేదు. నన్నూ దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లలో కలుపుతారని భయం.

ఇరవై ఏళ్ల కిందటి మాట. మేం బాన్సువాడలో మేడ మీద రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయన బస్సు కండక్టర్. కింద ఇంటి యజమాని సుశీలక్క, ఆమె కూతురు ఉండేవారు.

ఆ ఎండాకాలం మా అత్తమ్మ గంగవ్వకు కాలేయంలో కాన్సర్ అని తేలింది. సిటీలో పెద్ద దవాఖాన వాళ్లు నొప్పి మాత్రలు రాసిచ్చి, ఇంటికి తీసుకెళ్లి నచ్చింది పెట్టండి అన్నారు. కోటగిరి దగ్గర ఊళ్లో ఉన్న మా సొంతిల్లు అంతకు ముందటేడే వానలకు కూలిపోయింది. మా రెండు గదులు తప్ప దిక్కు లేదు.

కిరాయి ఇంట్లో ప్రాణం పోవడాన్ని మా వైపు ఎవరూ ఒప్పుకోరు. పోయిన నక్షత్రం మంచిది కాకపోతే నెలల తరబడి ఇల్లు తాళం వేసి పాడుబెట్టాలంటారు. మా వీధిలోనే కిరాయికున్న ఒక ముసలాయనను చివరి రోజుల్లో రోడ్డు పక్కన డేరా వేసి పడుకోబెట్టారు. ఆ డేరా ముందు నుంచే నేను అప్పట్లో రోజూ కూరగాయలకు వెళ్లేదాన్ని. పైగా సుశీలక్క కూతురికి పెళ్లి కుదిరి ఉంది.

అందుకని మేం ఒక అబద్ధం ఆడాం. అత్తమ్మకు కామెర్లు, తగ్గుతున్నాయి అని సుశీలక్కకు చెప్పాం. అత్తమ్మకూ అదే చెప్పాం. కాన్సర్ అనే మాట ఆ ఇంట్లో ఎవరమూ అనలేదు.

మా ఆయన తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లగానే నేను లోపల గడియ వేసుకునేదాన్ని. సుశీలక్క బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వస్తుంది, లోపలికి తొంగి చూస్తే అయిపోయినట్టే. ఆ ఇనుప గడియ తలకు పై ఎత్తున ఉండేది. బిగుసుకుపోయి, పచ్చడి బండతో రెండు దెబ్బలు కొడితే గాని వచ్చేది కాదు. కిటికీకి ఇనుప జాలీ ఉండేది. వాసన బయటికి పోకుండా ఆ కిటికీ రెక్కలు కూడా మూసేశాను. నలభై రోజులు నేను మెట్లు దిగలేదు. కూరగాయలు, సామాన్లు అన్నీ మా ఆయనే తెచ్చేవాడు.

వెనక వీధిలో ఉండే రిటైరైన నర్సు మేరీ సిస్టర్ రోజు విడిచి రోజు వచ్చేది. మా చుట్టమని సుశీలక్కకు చెప్పాం. ఆమె లేకపోతే నాకు పిచ్చెక్కేది. మాత్ర నొప్పి వచ్చాక కాదు, రాకముందే వేళకు ఇవ్వమంది. రెండేసి గంటలకు పక్కకు తిప్పడం, దూది తడిపి పెదాలకు అద్దడం నేర్పింది. తిననంటే బలవంతం చేయొద్దంది.

ఒకరోజు వెళ్లబోతూ నా చెయ్యి పట్టుకుని, "ఆమెకు అన్ని ఎరికే అమ్మా. మీరు చెప్తలేరని ఆమె అడుగుతలేదు. గా మాట మాట్లాడుకోండ్రి" అంది. నేను తల ఊపాను గాని అత్తమ్మ దగ్గర ఆ మాట ఎత్తలేదు. ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు.

దాచుకోకుండా చెప్తున్నా, కొన్ని రోజులు ఆమె మీద కోపం వచ్చేది. త్వరగా పోతే బాగుండు అని కూడా అనుకున్నాను. అంతలోనే, ఇక్కడ పోకూడదు అనుకునేదాన్ని. ఆ రెండింటి మధ్య ఊపిరాడేది కాదు. ఒకప్పుడు నా చారులో ఉప్పు మీద అరగంట మాట్లాడిన మనిషి అలా నోరు మెదపకుండా నన్నే చూస్తుంటే, తిట్టినా బాగుండేది అనిపించేది.

చివరి ఇరవై రోజులు ఆమె లేచి కూర్చోలేకపోయింది.

నలభయ్యో రోజు మధ్యాహ్నం మూడు గంటలు. కరెంటు లేదు. ఆమె పెదాలకు దూది అద్ది, ఆ దూది గ్లాసులోనే వేసి స్టూలు మీద పెట్టాను. అడుగున ఆమె పేరు చెక్కించిన స్టీలు గ్లాసు అది. మంచం కోడుకు తల ఆనించి అట్లాగే నిద్రపోయాను.

తలుపు దబదబా కొడుతుంటే మెలకువ వచ్చింది. సుశీలక్క గొంతు. ముందు అత్తమ్మను చూశాను. ఊపిరి ఉంది, ఆగి ఆగి వస్తోంది. ఇక దాచి లాభం లేదని బండ తీసుకుని గడియ కొట్టాను.

సుశీలక్క ఏడుస్తోంది. "ఏందమ్మా, గా ముసలామెను ఒక్కదాన్నే కిందికి పంపినవ్? మెట్ల మీద పడితే ఎట్ల?" అంది.

నాకేమీ అర్థం కాలేదు. అత్తమ్మ ఇప్పుడే వాళ్ల అరుగు మీద కూర్చుందట. తాను లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చేలోపు కనపడలేదట. చెప్తూ చెప్తూ లోపలికి అడుగుపెట్టి, మంచం మీది మనిషిని చూసి ఆగిపోయింది. ఆ ఎముకల గూడు లేచి నడవదని ఎవరికైనా తెలుస్తుంది.

సుశీలక్క చేతిలో గ్లాసు ఉంది. అరుగు మీద దొరికిందట. తిప్పి చూశాను. అడుగున గంగవ్వ అని ఉంది. లోపల తడి దూది అంటుకుని ఉంది. స్టూలు మీద గ్లాసు పెట్టిన చోట నీటి గుర్తు మాత్రమే మిగిలింది.

సుశీలక్క మంచం దగ్గర కూర్చుని అత్తమ్మ కాళ్లు పట్టింది. "ఏడికి పంపకు. ఈడనే ఉండనీ" అంది. లేచి కిటికీ రెక్కలు తీసింది తనే.

పొద్దుగూకకముందే అత్తమ్మ పోయింది. అప్పటికి మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, నోట్లో నీళ్లు పోశాడు. వాకిట్లో పెళ్లిపందిరి వేయాల్సిన చోటే ఆమెను పడుకోబెట్టనిచ్చింది సుశీలక్క. తలాపున దీపం కూడా ఆమే పెట్టింది. పెళ్లి ఏ ఆటంకమూ లేకుండా జరిగింది.

మా ఆయన మాత్రం సుశీలక్క ఎండకు కునుకు తీసి కలగన్నదంటాడు. గ్లాసు నేనే కింద మరిచిపోయానంటాడు. నలభై రోజులు మెట్లు దిగని దాన్ని ఎలా మరిచిపోతాను? గడియ లోపల వేసి ఉంది. జాలీలోంచి వేలు కూడా పట్టదు.

పదకొండో రోజున సుశీలక్క మిగతా మాట చెప్పింది. అత్తమ్మ అరుగు మీద కూర్చుని ఏమన్నదో అప్పటిదాకా నోట రాలేదట.

"బిడ్డా, నాది కామెర్లు కాదు, కాన్సరు. నన్ను రోడ్డు మీద పండవెట్టినా మంచిదే. నా కోడలు లోపల గడియేస్కొని కూసున్నది. దాన్ని జర బయటికి తీయి."

అరుగు మీదికి ఎవరొచ్చారో, ఎలా వచ్చారో నేను చెప్పలేను. అంతకంటే చిన్న ప్రశ్నకే నా దగ్గర జవాబు లేదు. అది కాన్సర్ అని ఆమెకు ఎవరు చెప్పారు? మేరీ సిస్టర్‌ను అడిగితే తాను చెప్పలేదంది. మా ఆయనా చెప్పలేదు.

నేనూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.