రెండు నీలాల ప్యాంటు

నిన్న పాత ఇనపపెట్టె మూత తీయగానే గంజి, నీలం రంగు, మిషను నూనె కలిసిన వాసన గుప్పుమంది. అడుగున, అమ్మ పాత చీరల కింద, నాకు పదేళ్ళప్పుడు తొడుక్కున్న జీన్సు ప్యాంటు ఉంది. ఒకప్పుడు దాని ఒక కాలు ముదురు నీలం, ఇంకో కాలు లేత నీలం. బళ్ళారి మొత్తంలో అలాంటి ప్యాంటు తొడుక్కుని తిరిగిన పిల్లను నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అప్పట్లో మేం బ్రూస్‌పేటలో, ఇంటింటా జీన్సు ప్యాంట్లు కుట్టే మిషను ఉన్న సందులో ఉండేవాళ్ళం. తెల్లారి పాలు కాగేలోపలే మిషన్లు మొదలయ్యేవి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో గచ్చు మీద నీళ్ళు చల్లుకుని పడుకుంటే లేచేసరికి ఒళ్ళంతా నీలం పోగులే. మా అవ్వ ఇంటికొచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చే ముందు వాళ్ళ భుజాల మీది పోగులు ఏరేది. ఉగాదికి ఓళిగలు, అదే బొబ్బట్లు, తట్టే రోజున కూడా అమ్మ గోళ్ళ సందుల్లో నీలం పోయేది కాదు, ఏ ఓళిగ ఎవరు తట్టిందో అంచు రంగు చూసి చెప్తానని నాన్న ఆటపట్టించేవాడు. మా ఆటలన్నీ ఖాళీ దారపు కోన్లతోనే. వాటిని గోపురంలా పేర్చేవాళ్ళం, ఎవరి గోపురం ముందు కూలితే వాళ్ళు అందరికీ బొరుగులు తేవాలి.

నన్ను ఇంగ్లీషు మీడియంలో వేశారు. అమ్మ కన్నడంలో ఐదు చదివి ఆపేసింది, ఇంగ్లీషు అక్షరాలను ప్యాంటు నడుముకు వేసే తోలు చీటీ మీద తప్ప చూసింది లేదు. మా ఇంగ్లీషు టీచరమ్మకొక అలవాటు ఉండేది. సోమవారం బోర్డు మీద ఒకే అర్థం ఉన్నట్టు కనిపించే మాటలు రెండో మూడో రాసేది, శుక్రవారానికి మేం వాటి తేడా తెలిసేలా వాక్యాలు రాసుకుపోవాలి. లుక్, సీ, వాచ్ ఇచ్చిన వారం నేను ఏడుపు మొహంతో ఇంటికొచ్చాను. మూడూ చూడ్డమే కదా! టీచరమ్మ చెప్పిన నాలుగు ముక్కలూ నా చేత చెప్పించుకుని, అమ్మ మిషను ఆపకుండానే తేల్చేసింది.

"సూదిలోకి దారం ఎక్కించేప్పుడు చూస్తామే, అది లుక్కు. వాకిట్లో ఎవురో పోతాంటే కంటికి పడ్తారే, అది సీ. పొయ్యి మీద పాలు పెట్టి నిలబడ్తామే, అది వాచ్చు. యాడికీ పోకూడదు."

హియర్‌కూ లిజన్‌కూ మిషనే సరిపోయింది. దాని చప్పుడు వీధి వీధంతా హియర్ చేస్తుంది, నూనె కావాలని అది అడిగేది మాత్రం అమ్మ లిజన్ చేస్తుంది. అలా మా ఇంట్లో వారం వారం చదువుకున్నది ఇద్దరం.

కత్తిరించిన ప్యాంటు కాళ్ళు ఇంటింటికీ పని పంచే మేస్త్రి దగ్గర్నుంచి కట్టలుగా వచ్చేవి. ఒక్కో తాను గుడ్డ ఒక్కో కట్ట. కంటికి అన్నీ ఒకే నీలం, కానీ ఒక్కో తానుకు రంగు ఒక్కో తీరుగా పట్టి ఉంటుంది, ఎండలో నిదానించి చూస్తే తప్ప, ఉతుకుకు వెళ్ళొచ్చేదాకా ఆ తేడా బయటపడదు. అందుకే కట్టలు కలపొద్దని అమ్మ నాకు వందసార్లు చెప్పింది. ఒకరోజు అమ్మ కొళాయికి పోయినప్పుడు, నా గోపురం ఎత్తుగా ఉండాలని రెండు కట్టలు విప్పి మెట్లలా పేర్చాను. అంతా ఒక్కసారిగా కూలి కాళ్ళన్నీ కలిసిపోయాయి. బిందె చప్పుడు వినిపించగానే చేతికి అందినట్టు సగం సగం చేసి, బడి బూట్లకు వేసే ముడే వేసి మూలకు నెట్టేశాను. అన్నీ నీలమే కదా అనుకున్నాను.

రెండు వారాలకు, టీచరమ్మ మిస్టేక్, ఫాల్ట్ అనే మాటలిచ్చింది. "రెండిటికీ తప్పేనా? ఐతే తేడా యాడుండాది?" అని అమ్మ మొదటిసారి ఓడిపోయింది. ఆ మర్నాడే మేస్త్రి ఉతికిన ప్యాంట్లు తెచ్చి మా గచ్చు మీద కుమ్మరించాడు.

"ఏందక్కా ఇది? ఒక కాలు ముదురు, ఒక కాలు తెలుపు! కట్టలు కలిపింది ఎవురు? ఇట్లయితే నీకు పని ఇయ్యడానికి కాదు."

ఆ పని పోతే నా బడి కూడా పోతుందని నాకు తెలుసు. పుస్తకం గుండెలకు అదుముకుని తలుపు వెనక నిలబడ్డాను.

"నేనే అప్పా. తప్పు నాదే. స్వల్ప టైమియ్యి, అన్నీ విప్పి సరి చేసిస్తా" అంది అమ్మ.

మూడు రోజులు మిద్దె మీద కూర్చుని కుట్లు విప్పాం. "నీడలో కొన్ని ఒకటే మాదిరి కనపడ్తాయి పాపా, ఎండలో పెట్టి చూడు" అంటూ ఒక్కో కాలూ నా చేత పట్టించి జత కలిపింది. విప్పడంలో రంగుకొకటి చొప్పున రెండు కాళ్ళు చిరిగాయి. జత లేకుండా మిగిలిన రెండిటితో నాకు ప్యాంటు కుట్టింది. మేస్త్రి సణుక్కుంటూనే మళ్ళీ కట్టలు పంపాడు.

ఆ శుక్రవారం నేను, మిస్టేక్ చేసింది నేను, ఫాల్ట్ తనదని చెప్పింది మా అమ్మ, అని రాశాను. టీచరమ్మ మెచ్చుకుని ఎర్ర సిరాతో చుక్క పెట్టి క్లాసంతటికీ చదివి వినిపించింది. ఏం రాశావని అమ్మ అడిగితే ఏదో అబద్ధం చెప్పాను. ఇన్నేళ్ళూ ఆ చుక్క నన్ను పొడుస్తూనే ఉంది.

ఇప్పుడు ఆ సందులో ఒక్క మిషనూ లేదు. కుట్టేవాళ్ళంతా ఊరి బయట షెడ్లకు పోయారు, పిల్లలకు కోన్లూ లేవు, గోపురాలూ లేవు. అమ్మా నేనూ బళ్ళారిలోనే గాంధీనగర్‌లో ఉంటున్నాం. నిన్న ప్యాంటు తీసుకెళ్ళి వాకిట్లో ఎండలో పరిచాను. తొడిగీ తొడిగీ, ఉతికీ ఉతికీ రెండు కాళ్ళూ ఒకే రంగుకు వచ్చేశాయి. ఎంత చూసినా ఏది ఏదో తెలియలేదు. ఏడుపొచ్చింది.

"అమ్మా, ఆ పొద్దు కట్టలు కలిపింది నేను."

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అమ్మ తలెత్తలేదు.

"తెల్సు లే. కుట్టేప్పుడే చూస్తి, కట్టలకు బూటు ముడి ఉన్నింది. పాప ఆడుకునిందేమో అనుకుని, గుడ్డ ఎండలో చూడకుండా కుట్టింది నేనే కదా. మేస్త్రప్పకు నేను అబద్ధమేం చెప్పలేదు."

అమ్మ ఒప్పుకున్నది తన తప్పే, నాది నేను దాచుకున్నాను; నేను రాసిన వాక్యానికి ఎర్ర చుక్క రాకూడదని నిన్న తెలిసింది. అమ్మ చేతులు తుడుచుకుని, ప్యాంటు మడిచి, పాత గుడ్డపట్టీ ఒకటి నాకందించింది. నేను బూటు ముడి వేసి కట్టాను.