భూతద్దానికి నచ్చిన అద్దాల షాపు

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమె పేరు భూతద్దం. మొదట్లో చాటుగా అనేవారు. ఇప్పుడు ఎదురుగానే పిలుస్తున్నారు, ఆమె పలుకుతోంది కూడా. కుట్టు పూర్తయిన ప్రతి చొక్కా పెట్టెలోకి వెళ్ళే ముందు ఆమె బల్ల మీదికి రావాల్సిందే. కాలరు తిప్పి చూస్తుంది, చంక కుట్టు రెండు చేతులా లాగుతుంది, గుండీలను పగబట్టినట్టు పీకుతుంది. ఏ లోపమూ దొరక్కపోతే మెచ్చుకోవడం మాట అటుంచి, మళ్ళీ మొదటినుంచీ మొదలుపెడుతుంది. లోపం లేని చొక్కా అంటే లోపాన్ని బాగా దాచుకున్న చొక్కా అని ఆమె నమ్మకం. ఆమెకున్న నమ్మకాలన్నిటిలో గట్టిది అదొక్కటే.

పోనీ ఆ బుద్ధిని ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిలేసి వస్తుందా అంటే అదీ లేదు. భర్త బస్సు డ్రైవరు. ట్రాఫిక్ వల్ల ఆలస్యమైందని ఆయనంటే, ఏ రోడ్డులో, ఏ సిగ్నల్ దగ్గర అని ఆరా తీస్తుంది. పాపం ఆయన ఏనాడో చేతులెత్తేశాడు. ఇంట్లో ఆమెను ఆటపట్టించే ధైర్యం ఒక్క అత్తగారిదే. సాయంత్రం గేటు చప్పుడు కాగానే, "మా అనుమానపు పక్షి వచ్చి వాలింది" అనేది పెద్దావిడ. ఆవిడది పూర్తిగా వేరే తంతు. తలుపు తట్టి ఏం అమ్మినా కొనేసే మనిషి. ఆ ఇంట్లో ముగ్గురే ఉంటారు, దువ్వెనలు మాత్రం ఒక బడికి సరిపోతాయి.

పోయినేడు అత్తగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పటినుంచి రోజూ సాయంత్రం కోడలే కారు నడుపుకుంటూ ఆస్పత్రికి తీసుకెళ్ళేది. అక్కడ ఒక అమ్మాయి చేతికి కసరత్తు చేయించేది. చేయించగా చేయించగా ఆ వేళ్ళు మంచినీళ్ళ గ్లాసు పట్టుకునేదాకా వచ్చాయి. "మధ్యలో ఆపొద్దు. ఆపితే బిగుసుకుపోతాయి, తర్వాత నేనేం చేసినా లేవవు" అని ఆ అమ్మాయి మరీ మరీ చెప్పింది.

అలాంటి సమయంలో ఒక సాయంత్రం ఇసుక లారీ ఒకటి ఎడమపక్కనుంచి దూసుకుపోయింది. ఢామ్మని చప్పుడైంది. వెనక సీట్లో ఎడమవైపు కిటికీ అద్దం మొత్తం రాళ్ళ ఉప్పులా అత్తగారి ఒళ్ళో కురిసింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ ఆ మర్నాటినుంచి ఆవిడ కారెక్కలేదు. "భయమేస్తోందమ్మాయ్, నా వల్ల కాదు" అంది. వేరే బండి మాట్లాడతానంటే, "దానికీ అద్దాలుంటాయిగా" అంది. మాట తగ్గించేసింది. గేటు చప్పుడైనా పక్షి ఊసెత్తడం లేదు.

వారం తిరిగేసరికి గ్లాసు ఆవిడ చేతిలోంచి జారి నేలమీద దొర్లింది. భూతద్దం దాన్ని తీసి మళ్ళీ ఆ చేతిలో పెట్టి చూసింది, మళ్ళీ జారింది. కారుకు కొత్త అద్దం పడాలి, అది గట్టిదని అత్తగారు నమ్మాలి, నమ్మి కారెక్కాలి. లేకపోతే ఆ చెయ్యి ఇక అంతే.

మర్నాడు ఫ్యాక్టరీకి సెలవు పెట్టింది. పగిలిన కిటికీకి ప్లాస్టిక్ కవరు అంటించుకుని, అద్దాల షాపులన్నీ వరసగా ఉండే రోడ్డుకు బయలుదేరింది. కారు అద్దాల వాళ్ళంతా తోడుదొంగలని, లారీలవాళ్ళతో రాళ్ళు వేయించేది కూడా వీళ్ళేనేమోనని దారిపొడుగునా అనుకుంటూనే ఉంది.

మొదటి షాపులో సోఫా ఉంది, చల్లటి నీళ్ళిచ్చారు, కుర్చీలోంచి లేచి మరీ నవ్వాడు ఒకాయన. ఇంత మర్యాద ఊరికే రాదని ఆమె నీళ్ళు ముట్టుకోలేదు. "కిందటేడు మా అన్నయ్య కారుకు అద్దం వేసింది మీరే. గుర్తుందా?" అంది.

"ఎందుకు గుర్తుండదు మేడమ్! మీ అన్నయ్యగారు ఎలా ఉన్నారు? మొన్ననే అనుకున్నాం."

భూతద్దానికి అన్నయ్యే లేడు. లేని అన్నయ్యను మొన్ననే తలుచుకున్నవాడు లేని అద్దాన్ని కూడా బిగించగలడనుకుని బయటపడింది.

రెండోది రేకుల షెడ్డు. "ఇలా కూర్చోండి, అలా అయిపోతుంది" అన్నాడు అక్కడి మేస్త్రీ. అప్పుడే పని పూర్తయిన కారొకటి పక్కనే ఉంది. భూతద్దం అడగాపెట్టకుండా వెళ్ళి దాని తలుపు తీసి మూసింది. లోపల గలగలమంది. మళ్ళీ తీసి మూసింది. మళ్ళీ గలగల.

"పాత అద్దం ముక్కలు తలుపులోనే ఉన్నాయిగా?"

"అవా? నాలుగు రోజులు తిరిగితే అవే సర్దుకుంటాయండీ."

"తలుపు లోపలి అట్ట విప్పి తియ్యరా?"

"అది విప్పితే మళ్ళీ బిగించాలి కదండీ," అన్నాడతను ఎంతో నిజాయితీగా. ఆ నిజాయితీ చూసి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

మూడో షాపు సందు చివర, ఇరుకుగా ఉంది. గోడల పొడుగునా అద్దాలు, వాటి మధ్య దుప్పటి ముక్కలు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్న బక్కపలచటి మనిషి బయటికి వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ప్లాస్టిక్ కవరు చూశాడు, నంబరు చూశాడు, చివరికి ఆమెను చూశాడు. ఆమె చొక్కాను ఎలా చూస్తుందో అచ్చం అలాగే చూశాడు.

"బండి మీదేనా?"

"కాకపోతే ఎవరిది?"

"అదే కదమ్మా నేనడిగేది. కాగితాలు చూపించండి."

ఆమె కాగితాలు తీసి ముఖాన కొట్టినంత పని చేసింది. అతను కళ్ళజోడు కిందికి దించుకుని తీరిగ్గా చదివాడు. "ఇక్కడ వేరే ఆవిడ పేరుంది."

"మా అత్తయ్య. మామయ్య పోయాక బండి ఆవిడ పేరుకు మార్చాం."

"అందరూ అలాగే అంటారు. అద్దం పగలగొట్టి బండి ఎత్తుకొచ్చి, మా దగ్గర కొత్తది వేయించుకుని అమ్ముకునేవాళ్ళున్నారు. ఒకసారి మంచివాళ్ళేననుకుని వేసిచ్చాను. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగలేక చచ్చాను. ఓనరమ్మను తీసుకురండి, చేస్తాను."

"ఫోన్లో మాట్లాడిస్తాను."

"ఫోన్లో ఎవరైనా అత్తగారే."

భూతద్దం నోరు వెళ్ళబెట్టింది. తనను! దొంగ అని! విసురుగా కారెక్కి తలుపు వేసుకుంది. సందు మలుపు దాకా వెళ్ళి, అక్కడ కారు పక్కకు తీసి ఆపేసింది. కోపం తగ్గుతున్నకొద్దీ లోపల ఏదో హాయిగా అనిపించింది. ఆ రోడ్డులో తనను నమ్మనివాడు అతనొక్కడే. మనిషిని ఇంత అనుమానించేవాడు అద్దాన్ని ఎంత అనుమానిస్తాడో! వేయిస్తే ఇక్కడే వేయించాలని అప్పుడే నిశ్చయించుకుంది. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. కారెక్కనని భీష్మించుకున్న మనిషి కారెక్కి వస్తే తప్ప కారుకు అద్దం పడదు.

ఇంటికెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. గోడవైపు తిరిగి పడుకున్న అత్తగారు ఇటు తిరిగింది.

"ఏమిటీ, నిన్నా? నిన్ను అనుమానించాడా?"

"బండి దొంగననుకున్నాడు అత్తయ్యా."

"కాగితాలు చూపించినా నమ్మలేదూ?"

"నమ్మలేదు. మీరొస్తేనే అంటున్నాడు."

వారం రోజుల తర్వాత పెద్దావిడ ముఖంలో వెలుగు కనిపించింది. లేచి కూర్చుని కర్ర కోసం చూసింది. "పద. అతగాణ్ణి చూడాలి నేను."

"మరి అద్దం భయం?"

"ఇప్పుడు అక్కడ అద్దమెక్కడుంది, పగలడానికి?"

మాట బాగానే ఉంది కానీ, భూతద్దానికి ఎక్కడో తేడా కొట్టింది. భయపడిన మనిషి ఇంత చప్పున లేస్తుందా? అయినా ఆవిడ మనసు మారేలోపు షాపు చేరాలని కారు పరుగెత్తించింది.

షాపాయన పెద్దావిడను బల్ల మీద కూర్చోబెట్టి, ఆవిడ ఆధార్ కార్డులో ఫొటో చూసి, ముఖం చూసి, మళ్ళీ ఫొటో చూశాడు. "ఈవిడ మీ కోడలేనా? మీ ఇష్టంతోనే బండి తెచ్చిందా?" అని అడిగాడు. అన్నిటికీ ఆవిడ సంబరంగా తలూపింది. కోడలు అలా చేతులు కట్టుకుని నిలబడి పరీక్ష రాయడం ఆవిడ ఇంతవరకు చూడలేదు.

"సరే. అసలెందుకు పగిలింది?" అన్నాడతను. "కారణం తెలియకుండా కొత్తది బిగించను. కిటికీ చట్రం వంగి ఉంటే ఇదీ పగులుతుంది. అప్పుడు నా మీద పడతారు."

"లారీ టైరు కింద రాయి ఎగిరి తగిలింది," అంది భూతద్దం.

అతను పెద్దావిడ ఎడమచేతిలో ఉన్న కర్రను చూశాడు. దానికి ఇత్తడి పిడి ఉంది. "మీరు ఎడమ కిటికీ పక్కన కూర్చున్నారు కదా. లోపలినుంచి ఈ కర్ర గానీ తగిలిందా?"

పెద్దావిడ ముఖంలో సంబరం టక్కున ఆరిపోయింది.

"ఈ మాట ఆ రోజే మా కోడలు అడిగింది నాయనా," అంది మెల్లగా. "ఒళ్ళంతా అద్దం ముక్కలు. కదిలితే కోసుకుంటాయేమోనని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. కారాపి తలుపు తీసింది. దెబ్బ తగిలిందా అంటుందనుకున్నాను. కర్ర తగిలిందా అంది."

అడిగిన సంగతి భూతద్దానికి గుర్తే లేదు. ఆ తర్వాత చేసినవన్నీ గుర్తున్నాయి. కొంగుతో ఒక్కో ముక్కా దులపడం, మెడ దగ్గర వెతకడం, చెప్పుల్లోంచి తియ్యడం, అన్నీ. అన్నిటికంటే ముందు నోట్లోంచి వచ్చింది మాత్రం ఆ ప్రశ్న. చొక్కా చేతికందగానే కుట్టు లాగినంత అలవాటుగా అనేసింది. అంటే వారం రోజులుగా ఈవిడ భయపడింది అద్దానికి కాదు. సిగ్గుతో ఆమెకు చెవులు వేడెక్కాయి.

షాపాయనకు ఇవేవీ పట్టలేదు. "అది సరేనమ్మా. తగిలిందా, లేదా?"

"తగల్లేదు," అంది భూతద్దం.

"మిమ్మల్నడగలేదు. మీరు ముందు సీట్లో ఉన్నారు, రోడ్డు చూస్తున్నారు. మీరు చూశారా?"

"చూడలేదు."

"మరెలా చెప్తున్నారు?"

"చూడకుండానే చెప్తున్నాను. మా అత్తయ్య కర్ర తగిలించలేదు."

"రేపు ఇదీ పగిలితే?"

"పగిలినా మా అత్తయ్య తగిలించదు."

అతను ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. నమ్మినట్టేమీ కనిపించలేదు. వెళ్ళి కిటికీ చట్రాన్ని తనే వేలితో తడిమి, ఎక్కడా వంగలేదని తేల్చుకున్నాక తలుపు లోపలి అట్ట విప్పడం మొదలుపెట్టాడు. వాక్యూమ్ గొట్టం పెట్టగానే అద్దం ముక్కలు టపటపా లోపలికి పోసాగాయి.

భూతద్దం మామూలుగా అయితే అతని భుజం మీదినుంచి తల దూర్చి కళ్ళలో వత్తులు వేసుకుని చూసేది. ఇప్పుడు అటు పోలేదు. అత్తగారి పక్కన కూర్చుని, బిగుసుకున్న కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతూ ఉండిపోయింది. "నేనలా అడక్కుండా ఉండాల్సింది అత్తయ్యా," అంది చేతివైపే చూస్తూ.

పెద్దావిడ ఆ చెయ్యి అలాగే ఉండనిచ్చింది. కొంతసేపయ్యాక కారువైపు మెడ సాచి చూసింది, తర్వాత కోడలివైపు చూసింది.

"ఏమిటే, అలా కూర్చున్నావు? వెళ్ళి చూడు."

"అతనే చూసుకుంటాడులెండి."

"అతను చూసుకోవడమేమిటి? నువ్వు చూడకుండా బిగిస్తే నేనా కారెక్కను. చెప్తున్నాను." ఆవిడ కర్రతో కారువైపు చూపించింది. "ఇన్నాళ్ళూ ఎవర్ని పడితే వాళ్ళను నమ్మి నిశ్చింతగా ఎలా బతికాననుకుంటున్నావు? నా వెనకాల నువ్వు చూస్తావని కాదూ? అందర్నీ అనుమానించవే తల్లీ. నన్నొక్కదాన్నీ వదిలెయ్."

భూతద్దానికి కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. తుడుచుకోకుండానే లేచి కారు దగ్గరికి వెళ్ళింది. కొత్త అద్దం మూలనున్న కంపెనీ గుర్తును మిగతా కిటికీల అద్దాలతో పోల్చి చూసింది. కిందికి దింపించింది, పైకి ఎత్తించింది. రబ్బరు పట్టీ పొడుగునా గోరు పెట్టి గీసింది. తలుపు మూసి చెవి ఆనించి విన్నది. ఎక్కడో ఒక్క ముక్క కదిలినట్టనిపించి, "ఏవండీ, ఆ అట్ట మళ్ళీ విప్పండి" అంది.

"ఏమీ లేదమ్మా లోపల."

"మీరు నన్ను నమ్మారా?"

అతను స్క్రూడ్రైవరు అందుకున్నాడు. నిజంగానే ఒక ముక్క ఉంది, చిటికెన వేలి గోరంత. దాన్ని అరచేతిలో వేసుకుని, మొదటిసారి ఆమెను మర్యాదగా చూశాడు.

అత్తగారు వెనక సీట్లో ఎడమ కిటికీ పక్కనే కూర్చుంది. కారు సందు దాటగానే, "ఇంటికి కాదు, ఆస్పత్రికి పోనియ్" అంది. ఆ సాయంత్రం ఆవిడ చెయ్యి గ్లాసు పట్టుకోలేకపోయింది. కసరత్తు చేయించే అమ్మాయి ఎందుకు మానేశారని కోప్పడుతుంటే, పెద్దావిడ అద్దం వేయించే షాపు దొరకలేదని చెప్పింది. భూతద్దం తలవంచుకుని, రేపటినుంచి రోజుకు రెండుసార్లు తీసుకురావచ్చా అని అడిగింది.