బిట్టుకు పెండ్లిపీట

మొన్న వైరాలో మా అమ్మాయి ఇంట్లో వంటింటి అరలు బిగించడానికి ఒకతను వచ్చాడు. డ్రిల్లు మిషనుకు తగిలించిన, రంధ్రం వేసే బిట్టు మొండిబారి చెక్కలోంచి పొగ లేచేసరికి, దాన్ని ఊడదీసి చెత్తబుట్టలో పడేసి సంచిలోంచి కొత్తది తీసుకున్నాడు. సాన పట్టుకోవా నాయనా అని అడిగితే, అంత తీరిక ఎవరికుందమ్మా అని నవ్వాడు. అతని తప్పేం లేదు, పొద్దుగూకేలోపు ఇంకో ఇంటికి పోవాలట. నాకు మాత్రం మా ఆయన తండ్రి, మా మామ గుర్తొచ్చి ఆ పూటంతా మనసు మా ఊరి వైపే పోయింది.

మా ఈడు వాళ్ళకు తెలిసే ఉంటుంది, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మన వైపు వడ్రంగుల చేతికి కరెంటు డ్రిల్లు మిషన్లు వచ్చాయి. అంతకు ముందంతా తాడు చుట్టి అటూ ఇటూ లాగే బర్మాతోనే రంధ్రాలు వేసేవారు. బూర్గంపాడు దాటి అడవి అంచున ఉండే మా ఊళ్ళో ఆ మిషను మొదట కొన్నది మా ఆయనే. మా మామ అప్పటికి బాడిత పట్టి చెక్క చెక్కడం మానేశాడు గానీ, పనిముట్లన్నిటికీ సాన పట్టే పని మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. చేత్తో తిప్పే సానచక్రం ఒకటి ఉండేది, దాన్ని తిప్పేది నేను. ఆ ఇంట్లో నా చెయ్యి పడని పని ఏదీ లేదులెండి.

అయితే ఉలికి వాలు ఒకవైపే ఉంటుంది. జన్మంతా ఉలులకు సాన పట్టిన మనిషి, బిట్టుకు కూడా ఉలికి పట్టినట్టే ఒక పక్కనే పట్టేవాడు. బిట్టు మొనకు రెండు అంచులుంటాయి, రెండూ సమానంగా ఉంటేనే అది తిన్నగా దిగుతుంది, లేదంటే పక్కకు జరిగి రంధ్రం వెడల్పయి, అందులో కొట్టిన చెక్కమేకు వదులైపోతుంది. దానికి తోడు ఆయన చెయ్యి వణకడం మొదలైంది. అది ఒప్పుకుంటాడా? "సరిగ తిప్పు బిడ్డా, చక్రం ఊగుతాంది" అని నన్ను గదమాయించేవాడు. చక్రం ఊగడం లేదని నాకు తెలుసు. ఇంకాస్త నిదానంగా తిప్పేదాన్ని, అంతే.

మంచాలకూ పీటలకూ అయితే ఎవరూ పట్టించుకోలేదు గానీ, కోస్తా నుంచి వచ్చి మా దగ్గర మిర్చి వేసే ఒక రైతు తన కొత్తింటి ద్వారబంధం మాకు అప్పజెప్పినప్పుడు చిక్కొచ్చి పడింది. గడపకు అతుకు ఉండకూడదని వాళ్ళ పట్టింపు. రంధ్రం తప్పితే పూడ్చి సర్దడానికి వీల్లేదు, మొద్దు మొద్దంతా పోయినట్టే, మళ్ళీ కలప డిపో నుంచి టేకు తెచ్చేలోపు ముహూర్తం దాటిపోతుంది. మా ఆయన ముందుగా ఒక పనికిరాని చెక్కలో రంధ్రం వేసి చూశాడు. అది గుడ్డి దీపంలో ముగ్గేసినట్టు వంకరపోయింది. లోపలికొచ్చి నెమ్మదిగా, "నాయినను ఇంక సాన ముట్టనియ్యకు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. "ఆయనకు మిగిలింది గదొక్కటే గదా, గది గూడ గుంజుకుంటే ఆయనకు పొద్దెట్ల పోతది?" అన్నాను.

మర్నాడు చూస్తే మా ఆయన పెరట్లో కూర్చుని ఒక టేకు దిమ్మ చెక్కుతున్నాడు. ఇంకా వాడని కొత్త బిట్టును సానచక్రం మీద ఆనించి, దాని మొన వాలు చక్రానికి సరిగ్గా అతికేలా దిమ్మలో ఏటవాలుగా ఒక గాడి తీశాడు. బిట్టును ఆ గాడిలో పడుకోబెట్టి పైన చిన్న చెక్కతో బిగించాలి. వెనక్కి జరగకుండా ఒక మరమేకు అడ్డం పెట్టాడు. ఒక అంచు పట్టాక వదులు చేసి, సగం చుట్టు తిప్పి, మళ్ళీ బిగించి రెండో అంచు పట్టాలి. ఇక చెయ్యి వణికినా బిట్టు కదలదు. ఆ దిమ్మను తీసుకెళ్ళి చక్రం ముందు బిగించి, తండ్రితో ఒక్క మాటా అనకుండా ఊళ్ళోకి వెళ్ళిపోయాడు.

మా మామ దాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు. అన్నం తిన్నాడు, చుట్ట కాల్చాడు, అటువైపు మాత్రం పోలేదు. ఇంక ఈయన సాన దగ్గరికి రాడేమోనని భయం వేసి, ఏం చెయ్యాలో తోచక, నేనే వెళ్ళి కూర్చుని వట్టి చక్రం తిప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"గిదేంది, బిట్టుకు పెండ్లిపీటేసిండ్రా?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన ఒక మొండి బిట్టును పడుకోబెట్టి బిగించాడు. ఒక అంచు పట్టి, తిప్పి, రెండోదీ పట్టాడు. ఊళ్ళోంచి తిరిగొచ్చాక మా ఆయన దాన్ని మిషనుకు తగిలించి రంధ్రం వేస్తే, చెక్కలోంచి రెండు చుట్టల పొట్టు ఒకేలా పైకి లేచింది. మా మామ ఆ పొట్టును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "దీనికి రెండు నోర్లున్నయా? గిన్నొద్దులు నేను ఒక్కదానికే తిండి పెట్టిన" అన్నాడు. ముగ్గురం నవ్వాం.

గడప ముహూర్తానికే నిలబడింది. ఆ తర్వాత చుట్టుపక్కల గూడేల నుంచి కూడా బిట్లు పట్టుకొచ్చి, పెండ్లిపీట మీద పెట్టియ్యి తాతా అని అడిగేవారు. పోయేదాకా మా మామ ఆ పని వదల్లేదు. చక్రం ఊగుతోందని మాత్రం మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు వస్తువు మొండిబారితే కొత్తది వస్తుంది, అదీ ఒక సుఖమే, కాదనను. ఈ మధ్య నా చెయ్యి కూడా వణుకుతోంది. ఎక్కడ తెగుతుందోనని మా అమ్మాయి కత్తిపీట అటకెక్కించి, నువ్వు కూర్చో అమ్మా, అన్నీ నేను చూసుకుంటా అంటోంది. ప్రేమతోనే అంటోంది, నాకు తెలుసు. కూర్చుంటున్నాను. మా ఆయనే ఉంటే ఏదో ఒక చెక్కముక్క చెక్కి నా ముందు పెట్టి, ఏమీ మాట్లాడకుండా బయటికి వెళ్ళిపోయేవాడు.