పాత మలుపు దగ్గర జీపు

దయ్యం పట్టిందంటూ తెచ్చిన బండ్లు అమీనుద్దీన్ షెడ్డుకు చాలానే వచ్చాయి. సిద్దిపేటలో ముప్పై ఏళ్లుగా బండ్ల లైట్లు బాగుచేస్తున్న ఆయనకు, వాటిలో ఎప్పుడూ తుప్పో, ఎలుక కొరికిన వైరో దొరికేది.

సింధూజ జీపులో మాత్రం ఏమీ దొరకలేదు.

తొగుట వైపు ఊళ్ల నుంచి కూరగాయలు తెచ్చి అమ్ముకునే పిల్ల. జీపు ఆమె తండ్రి రాజనర్సుది. వాళ్ల ఊరు వేములఘాట్ రిజర్వాయరు నీళ్లలో మునిగిన మరుసటి ఏడాది ఆయన పోయాడు.

"ఎడమ ఇండికేటర్ దానంతటదే కొడుతుంది చాచా. మా ఊరి తొవ్వ మలిగే కాడ మొదలైతది. వచ్చేటప్పుడు మల్ల గాడనే బందైతది. నడుమ తాళం తీసినా ఆగది."

"ఇంకేడ కొట్టదా?"

"కొట్టది. బాపు ఇంటికి మలుపుమంటుండని మా అవ్వ ఏడుస్తుంది."

అమీనుద్దీన్ నవ్వలేదు. స్విచ్చు, ఫ్లాషరు, బల్బులు, ఫ్యూజులు అన్నీ చూశాడు. టెస్ట్ ల్యాంపు పెట్టిన చోటల్లా అంతా సరిగ్గానే ఉంది. చివరికి, "రేపు పొద్దుగాల నేనూ వస్త" అన్నాడు.

మర్నాడు పొగమంచు దట్టంగా ఉంది. తొగుట దాటాక రోడ్డు మీద వాళ్లు తప్ప ఎవరూ లేరు. ఎడమ పక్కన వేములఘాట్‌కు పోయే పాత దారి కనిపించింది. కొంత దూరం పోయి నీళ్లలో దిగిపోయే దారి అది. జీపు నెమ్మదించింది. డాష్‌బోర్డు మీద పచ్చ బాణం టక్కుమని వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది.

సింధూజ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. ఇండికేటర్ పుల్ల నడిమధ్యన కదలకుండా ఉంది. అమీనుద్దీన్ బండి ఆపించి తాళం తీసి జేబులో వేసుకున్నాడు. అయినా టక్, టక్ ఆగలేదు. బయట పసుపు వెలుగు పాత దారి తుమ్మకంపల మీద పడుతూ, పోతూ ఉంది.

లోపల దువా చదువుకుంటూ బానెట్ ఎత్తి బ్యాటరీ వైరు ఊడదీశాడు. వెలుగు ఆగింది. తగిలిస్తే మళ్లీ మొదలైంది. అప్పుడు కాస్త ధైర్యం వచ్చింది. బ్యాటరీ నుంచి తాళంతో పనిలేని వైరేదో పోతున్నట్టే. వేళ్లతో తడుముతూ పోతే అది క్లచ్ పక్కన రబ్బరు మ్యాటు కిందికి పోయింది. అక్కడ వెనకటి జీపుల్లో ఉండే కాలి స్విచ్చు ఉంది, కాలితో నొక్కి హెడ్‌లైట్ వెలుగు కిందికి దించేది. దాన్నెవరో ఎడమ ఇండికేటర్‌కు కలిపారు. ముడి మీద టేపు లేదు, చింపిన గుడ్డపీలిక ఉంది.

"మా బాపు కండువ గది," అంది సింధూజ మెల్లగా.

ఒకప్పుడు ఇండికేటర్ పుల్ల చెడిపోతే రాజనర్సు తనే చేసుకున్న ఏర్పాటు; పుల్ల బాగయ్యాక కూడా అలాగే ఉండిపోయింది. అమీనుద్దీన్ దాన్ని నొక్కాడు. వెలుగు ఆరింది.

"నీ ఎడమ కాలు ఏడ పెడతవ్ బిడ్డా?"

"క్లచ్ మీదనే. ఎన్నడు తియ్యను."

జీపును వెనక్కి తీసుకుపోయి మళ్లీ నడపమన్నాడు. ఈసారి ఆయన ఆమె కాళ్లనే చూస్తూ కూర్చున్నాడు. మైలు దూరం ఆ పాదం క్లచ్ మీంచి కదలలేదు. మలుపు దగ్గర గేరు తగ్గించింది. పాదం క్లచ్ దిగి, ఇంటి గడప మీద పెట్టినంత నెమ్మదిగా స్విచ్చు మీద ఆనింది. టక్.

"మల్ల కొట్టింది," అంది ఆమె. "నేను కాలు తియ్యలే చాచా. చూసినవ్ గద."

ఆయన బండి పక్కకు ఆపించాడు. వైరు కత్తిరించి చివరకు టేపు చుట్టాడు. తిరిగొచ్చేటప్పుడు మలుపు దగ్గర ఏ దీపమూ వెలగలేదు. కానీ జీపు నెమ్మదించింది. పాదం పక్కకు జరిగింది. ఆమె ముందుకే చూస్తోంది. అమీనుద్దీన్ తల తిప్పుకుని కిటికీలోంచి మంచును చూశాడు.

వారం తర్వాత ఆమె తల్లి అంజవ్వ ఒక్కతే షెడ్డుకు వచ్చింది. "గా దీపం మల్ల పెట్టన్నా," అంది.

"ఎనక వచ్చెటోళ్లకు తప్పు సైగ పోతదమ్మా."

"బయట వద్దు. లోపట కొట్టినా సాలు."

మర్నాడు జీపు షెడ్డుకు వచ్చాక ఆయన బయటి దీపం వైరు వేరు చేసి, డాష్‌బోర్డు మీది పచ్చ బాణం ఒక్కదానికే ఆ స్విచ్చు కలిపాడు. మధ్యలో కొత్త ఫ్యూజు వేశాడు. కండువా పీలిక మాత్రం తీయబుద్ధి కాలేదు. దాని మీదే టేపు చుట్టాడు.