డెక్కు మీద నా పేరు

నిన్న మా తలుపుకు రంగు వేయడానికి వచ్చినతను పాత రంగు గీకుతుంటే, ఆ పొడి వాసనకు పెంచలయ్య మామయ్య గుర్తొచ్చాడు. ఆయన మీద కోపమూ గుర్తొచ్చింది.

కృష్ణపట్నం దగ్గర మా ఊళ్లో నాన్నకు చెక్క పడవ ఉండేది. దాని డెక్కు మీద నా పేరు రాయించాడు. ఏటా పాత రంగంతా గీకి కొత్తది వేసేవాళ్లు. పాప పేరు చెరపకూడదని అక్కడ మాత్రం గీకకుండా పైపైన దిద్దేవాళ్లు. నా చిన్నప్పుడు ఒక ఏడు గీకే పని మామయ్యకు వచ్చింది. ఆయన మొదట నా పేరు మీదే ఇనుప రేకు పెట్టాడు. నా మీద అక్కసుతోనే అనుకున్నాను.

"నా పేరే దొరికిందా మామా నీకు?" అని ఏడ్చాను.

"పక్కకు జరగమ్మే. నీ పేరు పలక మీద రాసుకోపో," అన్నాడు.

ఆ మాట ఇంకా మరవలేదు.

చెక్కకు ఒక్క గాటు పడకుండా ఆయన పొర తర్వాత పొర ఒలిచాడు. అడుగున నీళ్లు చేరి చెక్క పుచ్చిపోయి ఉంది. వేలు పెడితే దిగబడింది.

"బావా, వల లాగేటప్పుడు నువ్వు నిలబడేది ఈడే గదా," అన్నాడు.

నన్ను ఓదార్చకుండా కొత్త చెక్క కోసం వెళ్లిపోయాడని నెల రోజులు మామయ్యతో మాట్లాడలేదు. ఓదార్చి ఉండాల్సిందని ఇప్పటికీ అంటాను. కానీ మా అందరి ముద్దు కింద దాగిన పుచ్చును కనిపెట్టింది ఆయన ఒక్కడే. ఆ తర్వాత చాలా ఏళ్లు నాన్న ఆ చోటే, కొత్త చెక్క మీద నిలబడి వల లాగాడు.